ఆరో తాడు

మంగళవారం సాయంత్రం ఏడున్నరకి
సోమర్సెట్‌లో ఒక చిన్న ఊరి చర్చి గోపురంలో
నలభై ఒక్క మెట్లెక్కి తాడు పట్టుకుంటాను.
నలభై ఒకటి ప్రధాన సంఖ్య:
రెండేసి ఎక్కినా మూడేసి ఎక్కినా
చివర్లో కాలు తడబడాల్సిందే.

గుడికెళ్ళి గంట కొట్టడం లాంటిది కాదిది.
రాగం లేదు, వరస మాత్రమే ఉంది.
ఆరు గంటలు, ఆరుగురం.
ఒకసారి మోగిన వరస మళ్ళీ మోగకూడదు, అంతే.

మొదటి చోటికి ఆరుగురిలో ఎవరైనా రావచ్చు,
రెండోదానికి ఐదుగురు, తర్వాత నలుగురు,
ముగ్గురు, ఇద్దరు.
చివరివాడికి ఎంపిక లేదు పాపం,
మిగిలిందే వాడి చోటు.
అన్నీ హెచ్చవేస్తే ఏడు వందల ఇరవై.
ఇరవై ఐదు నిమిషాల పని.

"మా భాషలో దీన్నీ గంటే అంటాం, దాన్నీ గంటే అంటాం"
అని ఓసారి గోడ గడియారం చూపించాను.
"ఆరు గంటలూ ఇరవై ఐదు నిమిషాల్లోనా!
చవగ్గా వచ్చింది" అన్నాడు డెస్మండ్.

ఆరో తాడు అతనిది, అన్నిటికన్నా బరువు.
పందుల్ని పెంచి పెంచి అరిచేతులు చెక్కలైనవాడు.
చిట్టా పెట్టె మూత మీద
బిస్కెట్లు బారులు తీర్చేవాడు.
పన్నెండైతే మూడు నాలుగులు, రెండు ఆరులు,
ఎలా పెడితే అలా ఒదిగేవి.
పదకొండొచ్చిన రోజు
ఎటు తిప్పినా ఒకటే బారు.
గుటుక్కున ఒకటి నోట్లో వేసుకుని
"ఇప్పుడు మాట వింటాయి" అనేవాడు.

నాది రెండో తాడు.
"సరి సంఖ్యలన్నిట్లోకీ మొండిది అదొక్కటే" అన్నాడు,
తాడును చూసి అన్నాడో
నన్ను చూసి అన్నాడో.

మే నెలలో పోయాడు.
పక్క ఊరినుంచి ఒకణ్ణి అరువు తెచ్చుకుని
గంటల నాలుకలకి ఒకవైపు తోలు కట్టి మోగించాం.
ఒక దెబ్బ ఇక్కడ,
ఒక దెబ్బ ఎక్కడో లోయలోంచి.

తర్వాతి మంగళవారం ఐదుగురమే.
బెరిల్ చబ్ చిట్టాలో పెన్సిల్‌తో రాసింది: నూట ఇరవై.
నేను వేళ్ళ మీద మళ్ళీ లెక్కేశాను.
ఒక్క మనిషి తగ్గితే
ఒకటి తగ్గాలి, పోనీ ఆరు తగ్గాలి.
ఆరు వందలు పోయాయి.

నాలుగు నిమిషాల్లో అయిపోయింది.
ఐదింట్లో జంటలు రెండే,
ప్రతిసారీ ఎవరో ఒకరు
ఉన్నచోటే ఉండిపోవాలి.
ఆ ఒకరు నేనైనప్పుడల్లా
కొక్కేనికి చుట్టిన ఆరో తాడు కనిపించేది.

నలుగురం మిగిలితే ఇరవై నాలుగు.
ముగ్గురమైతే ఆరు. ఇద్దరమైతే రెండు.
ఎవరూ లేకపోతే?
సున్నా అనుకుంటాం. లెక్కల పుస్తకం ఒకటి అంటుంది.
మెట్లు దిగి తలెత్తి చూశాను.
గోపురం ఏమీ మోగకుండా ఉంది.
నిజమే, ఒక్కటే విధం.

ఇంకా వెలుతురుంది.
బెరిల్ కారు తాళాలు వెతుక్కుంటూ
వచ్చే వారం ఒక పిల్లాడొస్తాడంది.
పదకొండేళ్ళట. తాడు అందదేమో అన్నాను.
"ఆ పెట్టె వేసి నిలబెడదాంలే."