బల్లి సాక్ష్యం

గుజరాతీపేటలో నీలవేణమ్మగారి మేడ కింద
మోటారు మూలిగి ఊరుకుందని
పొద్దున్నే ఫోనొచ్చింది. ఒకటి కాదు, రెండు.
పైనుంచి ఇంటావిడ, కిందనుంచి అద్దెకున్నాయన.
ఇద్దరూ నన్ను "మనోడే కదా" అన్నారు.

నేను వెళ్ళేసరికి మెట్ల దగ్గర
ఖాళీ బిందెలు బారుతీరి ఉన్నాయి,
తగువుకి ముందే వచ్చి కూర్చున్న పెద్దమనుషుల్లాగ.

"నానిచ్చినప్పుడు బాగానే తిరిగింది. మాడ్చీమన్నానేటి?"
అంది నీలవేణమ్మ, పైమెట్టు దిగకుండా.
"మోటారు ఇంటిది. ఇల్లెవులిదో ఆలే ఎయ్యాల,"
అన్నాడు కండక్టరు ఢిల్లేశ్వర్రావు,
రాత్రి డ్యూటీ చొక్కా ఇంకా విప్పకుండా.

వంద రూపాయల స్టాంపు కాగితం బయటికొచ్చింది.
గోడకి మేకు కొట్టరాదని ఉంది.
కుక్కని పెంచరాదని ఉంది.
అద్దె ఐదో తారీఖు దాటరాదని ఉంది.
మోటారు ఊసు లేదు.
రాసినాయనకి ఆ పూట దాహం వెయ్యలేదు కాబోలు.

మూత విప్పాను.
ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.
కాలిన రాగి నాతో అబద్ధమాడదు.

బేరింగు తుప్పుపట్టి రాలుతోంది.
మూడేళ్ళ కిందట "మార్చండమ్మా, నాలుగొందలే" అన్నది నేనే.
"వచ్చే నెల చూద్దాం" అన్నది ఆవిడే.

సీలు కరిగి ముదురు పాకంలా అంటుకుంది.
అంటే నీళ్ళు లేని గొట్టాన్ని పట్టుకుని
మోటారు గంటలకొద్దీ ఒట్టినే తిరిగింది.
స్విచ్చు వేసినాయన నిద్రపోయాడు.
పలాస బస్సులో పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్ళు
మంచం కనిపించాక ఎవరి మాట వింటాయి?

ఉన్నదున్నట్టు చెప్పొచ్చు.
చెబితే మోటారు బాగుపడదు.
కింది వాళ్ళు సామాన్లు సర్దుతారు,
పైన గేటుకి 'టు లెట్' బోర్డు వేలాడుతుంది,
ఇద్దరికీ నేను కానివాణ్ణవుతాను.

"సెప్పు గౌరీశూ, ఎవుల్దీ తప్పు?"

నా పనిముట్ల సంచిలో ఒక అగ్గిపెట్టె ఉంది.
అందులో ఎండిపోయిన బల్లి.
ఆమదాలవలసలో ఒకరి స్టార్టరు డబ్బాలో దొరికింది.
అక్కడ నిజంగానే తప్పు దానిదే.
ఆ తర్వాత పద్నాలుగు ఇళ్ళలో
మళ్ళీ మళ్ళీ చచ్చిపోతోంది, పాపం.

వాళ్ళు ఒకరినొకరు చూసుకునే లోపల
స్క్రూడ్రైవరు మొనతో దాన్ని వెలికి తీశాను.
"ఇదిగోనమ్మా. ఇదీ సంగతి."

సందు సందంతా చల్లబడింది.
"ఏ పక్కకి పడుందిరా?" నెమ్మదిగా అడిగింది నీలవేణమ్మ.
"ఎడమ పక్కమ్మా."
"ఆడోలికి మంచిదే," అంది. ఒక మెట్టు దిగింది.
"నోరు లేని జీవి, దానికేటి తెలుస్తాది,"
అన్నాడు ఢిల్లేశ్వర్రావు,
తన నిద్రనే వెనకేసుకొచ్చినట్టు.

రెండు వేల నాలుగొందలు. చెరి సగం.
మోటారుని బండి మీద కాళ్ళ మధ్య పెట్టుకుని
పాలకొండ రోడ్డు మీద షాపుకి తెచ్చాను.
పాత తీగ కోసి, కొత్తది చుట్టి, వార్నిషు పోశాను.
కొత్త బేరింగు కూడా వేశాను,
బల్లి ఖాతాలో.

రాత్రి ఇలిసిపురంలో నా అద్దె గది.
ఏప్రిల్ నుంచీ ఫ్యాను తిరగటం లేదు.
కెపాసిటరు ఎనభై రూపాయలు.
నా సంచిలోనే రెండున్నాయి.

"మనదేటి ఆ ఫ్యాను? ఓనరే బాగుసెయ్యాల,"
అంటుంది మా రాజులమ్మ, విసనకర్ర చేతులు మార్చుకుంటూ.
"అవును, ఓనరే," అంటాను నేను,
రోజూ అన్నట్టే, చెమట తుడుచుకుంటూ.

ట్యూబులైటు పక్కన, గోడ మీద
ఒక బల్లి. ఇది బతికున్నదే.
నేనన్నది న్యాయమైతే
ఒక్కసారి పలుకుతుందేమోనని చూశాను.

పలకలేదు.