బుధవారం, పన్నెండున్నర

శాండ్‌విచ్‌లు పద్దెనిమిది తెప్పించాను.
ఆరు గుడ్డువి, ఆరు చేపవి,
మిగతా ఆరూ దోసకాయవి, ఎవరూ ముట్టనివి.
ఈ శాఖలో పదకొండేళ్లుగా గుమాస్తాను.
మతాల గురించి నాకు తెలిసిందల్లా
ఎవరు ఏం తినరో రాసుకున్న పట్టికే.

ఆమె పేరు అందులో లేదు.
అడగడం మరిచింది నేనే.

గొందర్ నుంచి వచ్చిన డాక్టర్ త్సిగెరెడ,
ఉపవాసాల మీద రెండు సంపుటాలు రాసిన మనిషి,
ఖాళీ పళ్లెం ముందు కూర్చుని
కాగితపు రుమాలు నాలుగు మడతలు పెట్టి
విప్పి, మళ్లీ పెట్టింది.
బయట డునెడిన్ జూలై వాన అడ్డంగా కొడుతోంది.
కిటికీ గట్టు మీద సీగల్ ఒకటి
గుడ్డు శాండ్‌విచ్‌ల కేసే చూస్తోంది.

"మీరు కానివ్వండి" అంది. కానిచ్చారు.
బ్రోడీ బుగ్గ నిండా కుక్కుకుని అడిగాడు:
మతానికి మీరిచ్చే నిర్వచనం ఏమిటండీ?
ఆమె కాగితాలు సర్దుకుంటుండగా
ఇమొజెన్ ఎగిరి బల్ల అంచున కూర్చుంది,
కాళ్లూపుకుంటూ.

"బల్ల మీద వద్దు" అన్నాడు టె రంగి, మెల్లగా,
చెల్లెలికి చెప్పినట్టు. "తిండి పెట్టే చోటు."
దిగింది. చెవులు ఎర్రబడ్డాయి.
"కూర్చుంటే ఏమవుతుంది?" బ్రోడీ నవ్వాడు.
"ఏమీ కాదు. మా నాన్నమ్మ చూస్తుంది."
"ఆవిడ ఎక్కడుంటారు?"
"రోటోరువాలో. మట్టి కింద. ఆరేళ్లయింది."

వాన చప్పుడు కాసేపు మా అందరి తరఫునా మాట్లాడింది.

ఆమె కాగితాలు బోర్లించింది.
"మూడు పేజీల నిర్వచనం రాసుకొచ్చాను.
ఇప్పుడు చదవాలంటే సిగ్గుగా ఉంది."

"మీ వాచీ ఆగిపోయిందండీ" అంది కెజయా.
"ఆరూ నలభై చూపిస్తోంది."
"ఆగలేదు. మా వైపు తెల్లారిన దగ్గర్నుంచి లెక్క.
ఇది తొమ్మిదైతే తింటాను."
అందరూ వేళ్ల మీద లెక్కపెట్టారు.
ఇమొజెన్ కొరికిన ముక్క పళ్లెంలో పెట్టేసింది,
దొంగిలించి దొరికినట్టు.
"తినమ్మా. నా ఆకలి నీ నోరు కట్టడానికి కాదు."

"మరి మీరు నమ్ముతారా?"
ఈసారి బ్రోడీ మింగాకే అడిగాడు.
"కొన్ని బుధవారాలు" అంది.
తర్వాత పెద్దగా ఆవులించింది,
విమానం నిద్ర ఇంకా తీరలేదని నొచ్చుకుంది.

మూడింటికి జిరాక్స్ గదిలోకి వచ్చింది.
మిగిలింది దోసకాయవే, నేననుకున్నట్టే.
అట్ట పెట్టె ఆమె ముందుకు తోశాక
గుర్తొచ్చింది: లోపల వెన్న రాసుంది.
ఆమె రొట్టె విప్పి చూసింది, ఏమీ అనలేదు,
దోసకాయ చక్రాలు కూడా
వెన్న అంటుకుని మెరుస్తున్నాయి.

నా సొరుగులో రెండు కమలాలు,
మెత్తబడిపోయిన బిస్కెట్ల పొట్లం.
పొట్లం వెనక చిన్నక్షరాలు
కళ్లజోడు తీసి చదివాం ఇద్దరం,
పాలు ఉన్నాయా లేవా అని.
ఉన్నాయి.

కమలాలే తిన్నాం, చెరొకటి.
పట్టిక తెరిచి అడిగాను,
పేరు ఎలా రాయాలి?
ఆమె అక్షరం అక్షరం చెప్పింది.
రాస్తూ అలవాటు కొద్దీ
బల్ల మీదికి ఒరగబోయి,
తొక్కలు చూసి,
కుర్చీ లాక్కున్నాను.