అరవై నిమిషాల క్యాసెట్

దేవరకొండ బస్టాండు ఎనుక
మొయిన్ భాయ్ రికార్డింగ్ డబ్బా.
పల్లికాయ తూకం చిట్టీ మీద
పన్నెండు పాటలు రాసిచ్చిన, అన్నీ ప్రేమవే.
"ఇన్ని పట్టవు బిడ్డా" అనుకుంటనే పట్టించిండు.

అందుకే ఆఖరుది
రెండో చరణం నడుమ ఊపిరి తెగేది.
టక్కున మీట పైకెగిరేది.

కుట్టుమిషన్ సెంటర్ల నేను, చంద్రకళ.
ఎన్నిసార్లు ఇన్నా అక్కడిదాకే.
ఆమె కండ్లల్ల ఎవరున్నరో నేనడగలే.
నా జాకెట్ గల్లా ఎందుకు వంకరపోయిందో
ఆమె అడగలే.
రీలు చిక్కువడితే మాత్రం
పెన్సిల్ దూర్చి ఇద్దరం తిప్పేది.

నిన్న మల్లేపల్లి కాడ షేరాటో ఎక్కిన,
ఒడిల మందుల సంచి.
పిలగాని ఫోన్ల అదే పాట,
సాఫ్‌గ, ఎక్కడా గరగర లేకుంట.
రెండో చరణం నడుమ
నా నాలిక దానంతటదే
"టక్" అన్నది.

పాట ఆగలే.
ముంగటికి పోయింది.
ఆ మాటలు నేనెన్నడూ ఇనలే.
ఎవల పెండ్లిలనో
దారి తప్పి బంతిల కూసున్నట్టయింది.

పిలగాడు అద్దంల సూసి
బ్రేకు మీద కాలు పెట్టిండు:
"ఈడనే దిగుతవా అమ్మా?"