వాకిట

కార్పొరేషన్ మస్టరులో మా అమ్మ పేరుకి
ఒక తోక మొలిచింది: చెంచమ్మాళ్.
తెల్లారి నాలుగున్నరకి ఆ తోక పట్టుకుని పిలిస్తే
"ఇరుక్కేన్ సార్" అనేది.
ఉన్నాను, అని.
ఏ భాషలో ఉన్నామంటే ఆ భాషలోనే కూలి.

పులియంతోపు బోర్డు ఇళ్ళలో మూడో అంతస్తు దాకా మా మాటే.
గేటు దాటితే దాన్ని కొంగున ముడేసుకునేది.
గొల్టి, అనేవాళ్ళు నన్ను బళ్ళో.
తెలుగుని తిరగేసి కొడితే వచ్చే చప్పుడది.
పాండీ బజార్లో బట్టలకొట్టాయన
ఫోన్లో అల్లుడితో అచ్చం మా నెల్లూరు యాస మాట్లాడి
మావైపు తిరగ్గానే తమిళంలోకి మారిపోయాడు.
"మనోడేమే," అంది అమ్మ మెట్లు దిగుతూ,
"మనం ఆయనోళ్ళం కాదు, అంతే."

మార్గళి నెల. మైలాపూర్లో ఏదో సభ.
లోపల పట్టుచీరలు, కాంటీన్లో నేతి పొంగలి.
బయట ఎంగిలాకులు, అమ్మ, నేను.
తొమ్మిదో తరగతి నాకు. చీపురు ముట్టనని అలిగి
చెత్తబండి పిడి మాత్రం పట్టుకున్నా.
స్పీకర్లోంచి తెలుగు!
అంతమంది తలలూపే తెలుగు,
చేతిలో పుస్తకం తిప్పి అర్థం వెతుక్కునే తెలుగు.

నీ వాకిట నిలిచితిని, అని కదా పాట.
ఆవిడ గొంతు మంచిదే, విరుపు తప్పింది.
నీవా...
అని సాగదీసి, ఎక్కడికో పోయి, మళ్ళీ అక్కడికే వచ్చి
నీవా... నీవా...

అమ్మ చీపురు ఆపింది.
"ఆఁ, నేనే," అంది. "ఇంకెవురు?"

బండి కదిలిపోయేంత నవ్వుకున్నాం.
సెక్రటరీ గబగబా వచ్చాడు.
"ఇంగ నిక్కాదే, పో పో."
ఈడ నిలబడొద్దంట.
లోపల ఆవిడ ఇంకా
నిలిచితిని, నిలిచితిని, అని బతిమాలుతోంది.
చప్పట్లు.

తెలుగు రాయడం నాకు బడి నేర్పలేదు.
మాధవరంలో నెల్లూరు బస్సుల బోర్డుల కింద నిలబడి
గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట
కూడబలుక్కున్నా, ముప్పై ఏళ్ళు దాటాక.
ళ దగ్గర ఇప్పటికీ చెయ్యి తడబడుద్ది.

మొన్న పింఛను కాగితం వెనక
పెన్సిల్‌తో రాశా, తోక లేకుండా: చెంచమ్మ.
అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని
తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.
"ఇంత గుండ్రంగా ఉంటానా నేను?"
మళ్ళీ తనే, గొంతు తగ్గించి:
"చెరిపెయ్‌మే. సారు చూశాడంటే
ఈ నెల డబ్బు ఆపేస్తాడు."