నోటినిండా

సాలూరులో మా ఇంటి అరుగు మీద
లారీ రంగుల డబ్బాల పక్కన
చేపల తొట్టి.
ఫైటరట అని విని
షెడ్డు షెడ్డంతా మూగింది.

పోలినాయుడు పాత లారీ అద్దమొకటి తెచ్చి
గాజుకి ఆనించాడు:
"ఏటి బావూ, నీ సేప కొట్లాడదా?"

అద్దంలో మగాణ్ణి చూసి
బాదమాకు కిందకి తప్పుకుంది మగచేప.
బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.
పదకొండు రోజులుగా మేత ముట్టలేదు,
నోటినిండా గుడ్లు.

"ఎర్రి సేప" అనుకుంటూ పోయారందరూ.
పోలినాయుడు పోలేదు.
పొద్దున తమ్ముడితో పడ్డ తగువు
ఇంకా నాలిక మీదే ఉన్నట్టుంది.
అద్దాన్ని బోర్లించి
చాలాసేపు నోరు విప్పకుండా కూచున్నాడు.

మూడోనాడు
టీ రంగు నీళ్లలో
గసగసాల్లాంటి కళ్లు,
ఎన్నో లెక్క తేలడంలేదు.
వాకిట్లో పోలినాయుడు,
చేతిలో రెండు ఎండు బాదమాకులు.