బాయిలర్ గోడ

పోయినేడు ధనుర్మాసం మూడో రోజు.
శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి వెనక మా లాడ్జిలో
పద్దుల పుస్తకం మధ్యన నిలువునా ఒక గీత గీశాను.
ఎడమ పక్క డీజిల్, కుడి పక్క హీట్ పంపు.
ఏది చవకో పొద్దున్న పదికల్లా
ఓనరు గారికి తేల్చి చెప్పాలి.

ముప్పై రెండు గదులు, రెండు వేల లీటర్ల వేన్నీళ్లు.
నాగావళి మీంచి మంచు దిగే రోజుల్లో
బాయిలర్ ఎనిమిది లీటర్లు తాగుతుంది.
లీటరు తొంభై ఎనిమిది చొప్పున
ఏడు వందల ఎనభై నాలుగు.
అసిరప్పడి దగ్గు మందు ఎవరూ రాయరు,
నేనూ రాయలేదు.

కుడి పక్కన ఇరవై ఒక్క యూనిట్లు.
పదేసి రూపాయలు వేసుకున్నా రెండు వందల పది.
అమ్మడానికొచ్చిన శివ్వాల వారి కుర్రాడు చెప్పాడు:
"ఇది వేడి పుట్టించదు సార్,
గాల్లో ఉన్నదాన్నే మోసుకొస్తుంది."
అసిరప్పడు చేతులు చంకల్లో పెట్టుకుని,
"ఈ గాల్లో ఏడెక్కడుంది బాబూ,
ఉంటే నాను దుప్పటెందుకు కప్పుకుంటాను?" అన్నాడు.
ఉందట. పద్నాలుగు డిగ్రీల్లోనూ ఉందట.
ఆ రాత్రంతా
ఆ మాట నన్ను పడుకోనివ్వలేదు.

యంత్రం మూడు లక్షల నలభై వేలు.
చలి మనకి మూడు నెలలే కాబట్టి
ఏడో చలికాలానికి గట్టెక్కుతుంది.
తేల్చేశాను. సంతకమైపోయింది.

నూటికి డెబ్భై ఐదు పాళ్లే బాయిలర్ నీళ్లకిస్తుందని,
మిగతా పాతిక వృథా అని కాగితంలో ఉంది.
నేనూ వృథా అనే రాసుకున్నాను,
ఆ పాతిక ఎక్కడికెళ్తుందో
రోజూ చూస్తూ కూడా.

సందులోకున్న ఇటుక గోడలోకి వెళ్లేది.
మూడున్నరకి పేపర్ కుర్రాళ్లు దానికి వీపులానించి
జిల్లా పేజీలు లోపల దోపేవాళ్లు.
ఆమదాలవలస స్టేషన్ నుంచి తొలి బేరం దించేసి
ఆటో జోగినాయుడు
అరచేతులు గోడకద్ది, చెవులకద్దుకునేవాడు.
తోక తెగిన కుక్కొకటి గోడ మొదట్లో చుట్ట చుట్టుకునేది.
పూల దాలమ్మ మాత్రం ఎదర అరుగు మీదే,
సెగకి కనకాంబరాలు కమిలిపోతాయని.

ఇప్పుడా సందులోకి పంపు చల్లగాలి వదుల్తోంది.
నీళ్లకి వేడి తీసేసుకున్నాక
మిగిలిన గాలి.
దాలమ్మ గంప దాని ముందుకి జరిగింది.
"ఐసు డబ్బులు మిగిల్నాయి బాబూ,
సందేళ దాకా పువ్వు తల దించట్లేదు."
పేపర్ కుర్రాళ్లు ఇడ్లీ బండి పొయ్యి దగ్గర చేరారు.
ఊరికే నిలబడనివ్వదు ఆవిడ.
ప్లేటు పాతిక రూపాయలు.
ఆ పాతికేనా ఇది, అని
నాలో నేనే నవ్వుకున్నాను, గట్టిగా నవ్వలేక.

అసిరప్పడు మూడో అంతస్తులో దుప్పట్లు మారుస్తున్నాడు.
దగ్గు తగ్గింది, నిజంగానే.
అది కుడి పక్కన రాయాలి.
ఎన్ని రూపాయలని రాయను?
అలవాటు పోక మూడింటికే లేచి
కిందికొచ్చి గోడ మీద చెయ్యేస్తాడు,
"సచ్చిపోయినోడి నుదురు లాగుంది" అంటాడు,
మళ్లీ పైకెళ్లిపోతాడు.

డిసెంబర్ బిల్లొచ్చింది.
ఇరవై ఒకటి కాదు, రోజుకి ఇరవై నాలుగు.
శివ్వాల కుర్రాడికి ఫోను చేశాను.
"చలెక్కువైతే దానికీ వెతుక్కోవడం కష్టమే సార్."
అయినా డీజిల్ మీద చాలా మిగులే.
ఓనరు గారు ఖుషీ.
పద్నాలుగో గది ఆయన ఒళ్లు కాలిందని ఫిర్యాదు కూడా రాశాడు.

కుక్క ఇప్పుడు నా కుర్చీ కింద
ఇన్వర్టర్‌కి ఆనుకుని పడుకుంటోంది.
కస్టమర్లు చూస్తే బాగోదు, తరిమెయ్యమన్నారు.
సరేనన్నాను.
ఇవాళ్టికి తొమ్మిది రోజులు.