బాకీ కింద సీసా

పెళ్లి చీరకి రంగేసి ఎనిమిది నెలలైంది.
పదకొండొందలు బాకీ.
గోపాలపురం ఓడ వంటవాడు బొడ్డు పోలయ్య
డబ్బు తేలేదు. గోనెగుడ్డలో చుట్టి
ఒక నల్ల సీసా తెచ్చాడు.

"టోరో," అన్నాడు. "స్పెయిన్‌లో ఊరి పేరు.
ఆ మాటకి ఆంబోతని అర్థం, మావా.
వట్టి నోటితో తాగకు. కుమ్మేస్తుంది.
అక్కడైతే గొర్రెపిల్లని
ద్రాక్షకొమ్మల మంట మీద కాలుస్తారు."
మనకి ద్రాక్షకొమ్మ ఎక్కడిదిరా, అన్నాను.
అప్పటికే సైకిలెక్కాడు.

బరంపురంలో నలభై ఏళ్లుగా ఎరుపుతో బతుకుతున్నవాణ్ణి.
ముందు తాగలేదు, చూశాను.
గాజు గ్లాసు కిటికీ కేసి ఎత్తి, వంచి.
మధ్యలో నేరేడు. అంచున మాత్రం
ఇంకా కుర్రతనం వదలని వంగపండు రంగు.
నా తొట్టెలో ఇది రావాలంటే
మూడు ముంపులు, ఒక రాత్రి, కొంచెం అబద్ధం.

ఒక గుక్క.
నాలుక మీద ఎవరో గొంగళి పరిచారు.
అబ్బ, ఈ వగరు నాకు తెలుసు!
మా తాత నూలు ముంచే కరక్కాయ నీళ్లు.
చిన్నప్పుడు దొంగతనంగా వేలు పెట్టి నాకి
పూటంతా ఉమ్మిన వగరు.
రంగు జారిపోకుండా పట్టుకునేది అదేరా, అనేవాడు.
మరి ఇక్కడ పట్టుకోడానికి ఏముంది, నా పళ్లు తప్ప?

సుభద్ర వంటింట్లో ఉన్నవన్నీ తెచ్చింది.
వేయించిన ఎండు నెత్తళ్లు: నోరంతా తుప్పు మేకు.
అప్పడం పలకనే లేదు.
ఆవకాయ బద్ద కొరికి గుక్కేస్తే
ఇద్దరు సవతులు ఒకే నుయ్యి దగ్గర.
ఛెనాపొడొ ముక్క పెట్టాను. ఆ తీపి ముందు
సీసా పుల్లగా మొహం మాడ్చుకుంది.
"మందుకి కూడా ఇన్ని వంకలా," అంది సుభద్ర,
"పెళ్లిచూపులకొచ్చినట్టు."

సాయంత్రం మేకల బనమాలి వచ్చాడు,
ఆదివారం మిగిలిన మూలుగ ఎముకలు,
డొక్క పక్క కొవ్వుముక్క ఆకులో కట్టుకుని.
సీసా చూసి "ఏ కొణొ?" అన్నాడు.
"ఎద్దు," అన్నాను.

మిరియాలు, ఉప్పు, వెల్లుల్లి. కారం వద్దన్నాను.
సుభద్ర నన్ను జొరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది.
రంగులు కాచే పొయ్యిలో సరుగుడు నిప్పుల మీద
కొవ్వు కారి చిటపటమంటుంటే
అంచులు మాడనిచ్చాం.

మూలుగ పీల్చి, గుక్క పట్టాను.
ఆంబోతు మోకాళ్లు వంచింది.
వగరంతా నా పళ్లు వదిలి కొవ్వుని పట్టుకుంది.
పొగ, నేరేడు, కొత్త తోలుచెప్పుల వాసన,
ఎప్పుడూ చూడని ఊళ్లో ఎండ.
బనమాలి మాట్లాడలేదు. ఎముకని పళ్లెం మీద కొట్టి
గ్లాసు మళ్లీ చాపాడు.
సుభద్ర ఒక చుక్క వేలితో తీసుకుంది.
"కారం పడుంటే బాగుండేది," అంది.
మళ్లీ తీసుకుంది.

చీకట్లో ఎవరి మోచెయ్యో తగిలి
తెల్ల పట్టు కండె మీద ఒలికింది.
ముగ్గురం ఒక్కసారి లేచాం.
తెల్లారేసరికి అది ఎరుపు కాదు,
వాన ముందు గోపాలపురం సముద్రం,
బూడిదా కాదు నీలమూ కాదు.
నిలవని రంగు. రెండు ఉతుకుల్లో పోతుంది.
ఉతకలేదు.

పోలయ్యకి కబురు పెట్టాను:
లెక్క తీరలేదు, ఇంకా నూరు బాకీ.
ఓడ మళ్లీ ఎప్పుడు కదుల్తుంది?